సాక్ష్యం ఫోనులోకి ఎక్కే ముందు: రాయడం నుంచి కామెంట్ల దాకా

మా చర్చి సంఘంలో శుక్రవారం స్త్రీల కూడిక. ఒక అక్క లేచి నాలుగు నిమిషాల్లో తన సాక్ష్యం, అంటే దేవుడు తన జీవితంలో ఏం చేశాడో, చెప్పింది. భర్త తాగుడు, పుస్తెలతాడు తాకట్టుకు పోవడం, ఆమె చేసిన ప్రార్థనలు, చివరికి ఆయన సీసా ముట్టడం మానేయడం. వింటున్న నలభై మందిలో సగం మందికి ఆ కథ ముందే తెలుసు. మిగిలినవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేను దాన్ని రికార్డు చేసి, మూడు నిమిషాలకు కత్తిరించి, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

మూడు రోజులకు ఆ వీడియో వాళ్ళ అమ్మాయికి సంబంధం మాట్లాడుతున్నవారి ఇంటికి చేరింది. ఆయన తాగుడు మానేసి అప్పటికి ఆరేళ్ళు. కానీ అవతలివారి కంటికి కనిపించింది ఆరేళ్ళ కిందటి మనిషే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు నెలలపాటు చర్చికి మాత్రం రాలేదు.

సాక్ష్యం ఆమెది. తాకట్టు కొట్టు మెట్లెక్కినది ఆయన. ఆయనను మేమెవరమూ అడగలేదు.

సంఘ పత్రికకు సాక్ష్యాలు రాయించే పని పన్నెండేళ్ళుగా నాది. ఆ సంఘటన తర్వాత నేను పని చేసే తీరు మారింది. ఇప్పుడు ఎవరైనా సాక్ష్యం ఫేస్‌బుక్‌లోనో యూట్యూబ్‌లోనో పెడతామని వస్తే వరుసగా ఏం చేయిస్తానో ఇక్కడ రాస్తున్నాను.

మొదట: ఒక్క సంగతి, కాగితం మీద

ఫోను పక్కన పెట్టి కాగితం తీసుకోండి. పుట్టిన ఊరి నుంచి మొదలుపెట్టి బాప్తిస్మం దాకా మొత్తం జీవితం చెప్పాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది. అది కూడికలో చెల్లుతుంది, అక్కడి మనుషులు కూర్చుని ఉంటారు కాబట్టి. ఫోనులో చదివేవాడు బస్సులో నిలబడి ఉంటాడు.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో యేసు చూపు ఇచ్చిన పుట్టు గుడ్డివాణ్ణి గుర్తు తెచ్చుకోండి. యూదుల మతపెద్దలైన పరిసయ్యులు అతణ్ణి వేదాంతం అడిగారు. యేసు పాపియా కాదా తేల్చమన్నారు. అతడు తనకు తెలియనిది తెలియదన్నాడు. తెలిసినది ఒక్కటే చెప్పాడు: ఇంతకుముందు చూపు లేదు, ఇప్పుడు ఉంది. మీ సాక్ష్యంలో ఆ ‘ఒక్కటి’ ఏది? దాన్ని ఒకే వాక్యంలో రాయలేకపోతే ఇంకా రాయడానికి సిద్ధంగా లేరన్నమాట. వారం ఆగండి, నష్టమేమీ లేదు.

ఆ వాక్యం దొరికాక దాని చుట్టూ తేదీ, చోటు, వస్తువు చేర్చండి. మనవాళ్ళు సాక్ష్యం రాయమంటే సాధారణంగా ఇలా రాస్తారు:

“నేను పాపపు ఊబిలో నశించిపోతున్న స్థితిలో ఉండగా దేవుడు తన మహా కృపచొప్పున నన్ను దర్శించి, నా కష్టములన్నిటిని తొలగించి, చెప్పనశక్యమైన సమాధానము దయచేసెను.”

ఇందులో అబద్ధం లేదు. మనిషి కూడా లేడు. ఎవరి పేరు పెట్టినా సరిపోయే సాక్ష్యం ఎవరిదీ కాదు. నా సాక్ష్యాన్నీ ఒకప్పుడు ఇలాగే రాశాను. తర్వాత తిరగరాసింది ఇది:

“2016 మే నెలలో అమ్మకు కేన్సర్ అని తెలిసింది. పదకొండు నెలలు ప్రార్థించాం. 2017 ఏప్రిల్‌లో అమ్మ చనిపోయింది. ఆ తర్వాత ఆరు నెలలు నేను బైబిలు తెరవలేదు. ఆదివారం చర్చికి వెళ్ళి, పాటల దగ్గర పెదవులు కదిపి వచ్చేదాన్ని. అక్టోబరులో ఒక రాత్రి అమ్మ సామాన్లు సర్దుతుంటే ఆమె బైబిలు చేతికొచ్చింది. 88వ కీర్తన పక్కన పెన్సిలుతో వేసిన తేదీలు కనిపించాయి. అన్నీ ఆసుపత్రిలో కీమో ఎక్కించిన రోజులు. ఆ కీర్తన చివరి మాట చీకటి గురించే. నేను దేవుణ్ణి అడగడానికి భయపడిన ప్రశ్నలు అమ్మ ముందే అడిగిందని ఆ రాత్రి తెలిసింది. అక్కడే నేల మీద కూర్చుని మళ్ళీ ప్రార్థన చేశాను.”

స్వస్థత లేని సాక్ష్యం కదా, దీన్ని ఎవరు చదువుతారని సంఘంలో ఒక పెద్దాయన అన్నారు. లైకులు తక్కువే వచ్చాయి. కానీ విడిగా మెసేజ్ రాసినవాళ్ళలో ఎక్కువమంది తమ ప్రార్థనకు జవాబు రానివారే. జయం కలిగిన సాక్ష్యాల మధ్య వాళ్ళకు నోరు విప్పే చోటు లేకుండా పోయింది.

ఎవరికి చెబుతున్నారో చూసుకోవడం

దమస్కు దారిలో పౌలుకు యేసు కనిపించిన సంగతి అపొస్తలుల కార్యములలో మూడుసార్లు వస్తుంది. 9వ అధ్యాయంలో లూకా చెబుతాడు, 22లో, 26లో పౌలే చెబుతాడు. పక్కపక్కన పెట్టి చదవండి. యెరూషలేములో యూదుల గుంపు ముందు వాళ్ళ భాషలో మొదలుపెట్టి, ధర్మశాస్త్ర బోధకుడు గమలీయేలు దగ్గర చదువుకున్నానని చెప్పి, తనకు మళ్ళీ చూపు వచ్చేలా చేసిన అననీయ ధర్మశాస్త్రాన్ని భక్తితో పాటించేవాడని ప్రత్యేకంగా అంటాడు. అగ్రిప్ప రాజు ముందు అననీయ ఊసే ఉండదు. సంగతి ఒకటే, వినేవారిని బట్టి కూర్పు మారింది. ఇది దాపరికం కాదు, మర్యాద.

1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలు ప్రాంతపు తోళ్ళ వ్యాపారి. సరుకు కోసం తిరిగిన ఊళ్ళలోనే, తన బంధువులకే తన సంగతి చెప్పుకుంటూ పోయాడు. పన్నెండేళ్ళకు, కరవు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చరిత్ర వెనక అలాంటి మాటల దారులున్నాయి. పేరయ్య మాట విన్నవాడికి పేరయ్య ఎవరో తెలుసు. నచ్చకపోతే ఎదురుగా అడిగే వీలుంది. మీ పోస్టు చదివేవాడికి మీరెవరో తెలియదు. ఆ లోటును మీ రాతే పూడ్చాలి.

అందుకే చర్చి మాటలు తగ్గించాలి. ‘లోకంలో ఉన్నప్పుడు’ అంటే బయటివాడికి అర్థం కాదు. ఇప్పుడేమైనా లోకం వదిలేశావా అనుకుంటాడు. ‘అభిషేకం’ అంటే అతనికి గుడిలో పాలతో చేసేది గుర్తొస్తుంది. ‘భారం కలిగింది’ అంటే ఏదో బరువు మోశారనుకుంటాడు. రాసినదాన్ని చర్చికి రాని ఒక స్నేహితురాలికి చదివి వినిపించండి. ఆమె ముఖం చిట్లించిన చోటల్లా గీత గీయండి.

ఒక్క మాటను మాత్రం నేను ఎప్పుడూ కొట్టేస్తాను: ‘అన్యులు’. మన పాత బైబిలు భాషలో ఉంది నిజమే. కానీ ఇరవై ఏళ్ళు పక్కింట్లో ఉండి, మీ ఇంట్లో చావు జరిగితే అన్నం వండి పంపినావిడ ఆ మాట చదువుతుంది. ‘మా పక్కింటివారు’ అంటే సరిపోతుంది. అలాగే ఫలానా గుడికి వెళ్ళాను, ఫలానా మొక్కు మొక్కాను, ఏమీ కాలేదు అనే పోలిక. మీకు యేసు ఏం చేశాడో చెప్పడానికి ఇంకొకరి దేవుణ్ణి చిన్నబుచ్చనవసరం లేదు.

కథలోని మిగిలిన మనుషులు

నేను ఎక్కువ సమయం తీసుకునేది ఇక్కడే. రాసిన కాగితంలో మీరు కాక ఎవరెవరు ఉన్నారో ఎర్ర సిరాతో చుట్టండి. భర్త, అత్తగారు, తమ్ముడు, అప్పిచ్చినవాడు, డాక్టరు. ఒక్కొక్కరి గురించి తేల్చుకోండి: ఆ మనిషి దీన్ని చదివితే తలెత్తుకుని మీ ఇంటికి రాగలరా?

బతికి ఉన్నవారైతే చూపించి అడగాలి. ‘నీ గురించి రాస్తున్నా, పరవాలేదా’ అని నోటిమాటగా కాదు, రాసిన వాక్యమే చూపించాలి. ‘సరే’ అన్నా ఇంకో రోజు ఆగండి. మొహమాటానికి ఒప్పుకునేవాళ్ళు మనలో ఎక్కువ. వద్దంటే ఆ భాగం తీసేయాలి. తీసేస్తే సాక్ష్యం నిలబడదా? అయితే అది కూడికలోనే ఉండనివ్వండి. మార్కు సువార్త 5వ అధ్యాయంలో దయ్యాలు వదిలినవాణ్ణి యేసు ఇంటికి వెళ్ళి తనవారికి చెప్పమన్నాడు. అదే సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠు బాగైనవాణ్ణి ఎవరికీ చెప్పొద్దన్నాడు. అతడు ఆగలేక ఊరంతా చాటితే, యేసు బహిరంగంగా ఊళ్ళోకి రాలేని పరిస్థితి వచ్చింది. చెప్పకపోవడం కూడా విధేయతే అయ్యే సందర్భాలుంటాయి.

పేరు మార్చితే చాలనుకోకండి. ‘మా పెద్ద ఆడపడుచు’ అన్నాక పేరెందుకు? ఊరంతటికీ తెలుసు.

పిల్లల విషయంలో నాది మొండి పట్టు. పిల్లవాడి జబ్బు, పరీక్ష తప్పడం, పక్క తడపడం, దొంగతనం, ఏదీ రాయనివ్వను. ఎనిమిదేళ్ళవాడు ఈరోజు తల ఊపుతాడు. పదిహేనేళ్ళప్పుడు క్లాసులో ఎవరో ఆ వీడియో తెరిచి చూపిస్తారు.

ఇతరుల బాప్తిస్మం ఫోటోలు పెట్టి, పేర్లు ట్యాగ్ చేసేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కుల హోదా హిందువులకూ, తర్వాత చేర్చిన సిక్కులకూ బౌద్ధులకూ మాత్రమే వర్తిస్తుంది. క్రైస్తవులైన దళితులను తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి (వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు) కింద లెక్కిస్తారు. అంటే నీళ్ళలో దిగిన ఆ ఫోటో ఒకరి చదువుతో, ఉద్యోగంతో, ఇంట్లో పెద్దవాళ్ళతో ముడిపడిన విషయం. తన విశ్వాసాన్ని ఎప్పుడు, ఎలా బయటపెట్టాలో తేల్చుకోవలసినది ఆ మనిషే. పక్కన నిలబడి ఫోటో తీసినవాడు కాదు.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. సౌదీలో ముస్లిమేతరుల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. గదిలో పదిమంది చేరి ప్రార్థన చేసుకున్న ఫోటోను ఇక్కడి నుంచి మీరు ఉత్సాహంగా పెడితే, ఇబ్బంది అక్కడ డ్రైవరు పని చేసుకుంటున్నవాడికి.

స్వస్థత, డబ్బు: కొలత తప్పే చోట్లు

జరిగినదానికన్నా ఒక్క మెట్టు ఎక్కువ చెప్పాలన్న తీపి ఇక్కడే పుడుతుంది. ‘డాక్టర్లు చేతులెత్తేశారు’ అని రాసేముందు వాళ్ళు నిజంగా ఏమన్నారో గుర్తు చేసుకోండి. ‘కష్టం, చూద్దాం’ అని ఉంటే అదే రాయండి. ఆపరేషన్ జరిగితే జరిగిందని, మందులు వాడితే వాడానని చెప్పండి. మందులు మానేసి ప్రార్థన మీదే ఉన్నానన్న సాక్ష్యాన్ని నేను పత్రికలో వేయను. అది చదివి షుగరు మందు ఆపేసే అవ్వ ఏదో ఊళ్ళో ఉంటుంది.

ప్రార్థన నూనె సీసాకు ధర, ఫోను నంబరు జోడించారంటే అది సాక్ష్యం కాదు, ప్రకటన. మహిమలతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనలపై 1954 నుంచీ కేంద్ర చట్టం ఉంది.

‘కానుక ఇచ్చాను, పదింతలు వచ్చింది’ అన్న సాక్ష్యాలూ అంతే. ఇచ్చి రానివాళ్ళు వెనక బెంచీలో మౌనంగా కూర్చుని ఉంటారు.

ఎక్కడ పెట్టాలి

మొదటిసారి అయితే వాట్సాప్ స్టేటస్ చాలు. 24 గంటల్లో పోతుంది. ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో సెట్టింగులలో ఎంచుకోవచ్చు. స్పందన చూసుకుని తర్వాత అడుగు వేయండి. గ్రూపులో పెట్టినది మాత్రం మీ చేయి దాటినట్టే. అందరికీ కనిపించకుండా తొలగించే వీలు రెండు రోజుల పైచిలుకు ఉంటుంది గానీ, ఈలోగా ఎవరైనా ముందుకు పంపి ఉంటే ఆ ప్రతి అలాగే తిరుగుతుంది.

ఫేస్‌బుక్‌లో ప్రతి పోస్టుకూ ఎవరికి కనిపించాలో విడిగా పెట్టుకోవచ్చు. ముందు స్నేహితులకే పరిమితం చేసి, వారం తర్వాత కూడా మనసు నిమ్మళంగా ఉంటే అందరికీ తెరవండి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పద్ధతిలో ఎక్కిస్తే లింకు ఉన్నవారికే కనిపిస్తుంది. కథలో ఉన్నవారికి ముందుగా చూపించడానికి నేను దీన్నే వాడతాను.

వీడియో తీయడం గురించి చెప్పాల్సింది తక్కువే. కిటికీకి ఎదురుగా కూర్చోండి, వీపు చేసి కాదు. ఫ్యాను ఆపండి. మన వీడియోల్లో సగం మాట ఫ్యాను గాలిలోనే పోతుంది. ఫోనును చేత్తో పట్టుకోకుండా బియ్యం డబ్బాకు ఆనించినా చాలు. యూట్యూబ్ షార్ట్స్ 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల దాకా ఉండొచ్చు, సాక్ష్యానికి అది బాగా సరిపోతుంది. కాగితం చూసి చదవకండి, ‘ప్రైజ్ ది లార్డ్, నా పేరు ఫలానా’ అంటూ అర నిమిషం వాడేయకండి. మొదటి వాక్యమే సంగతిలోకి దిగాలి. వెనక గోడ మీద ఏముందో కూడా చూసుకోండి. ఒక తమ్ముడి వీడియోలో ఇంటి కరెంటు బిల్లు నంబరుతో సహా కనిపించింది.

వెనక పాట పెట్టాలన్న కోరిక ఉంటే జాగ్రత్త. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో కన్నుమూశారు. ఆయన కీర్తనల సాహిత్యానికి ఇప్పుడు కాపీరైటు లేదు. కానీ ఆ కీర్తనను ఈనాటి గాయకులు పాడిన రికార్డింగుకు విడిగా హక్కు ఉంటుంది. మీ గొంతుతో మీరు పాడుకుంటే ఏ బాధా లేదు. శ్రుతి కుదరకపోతే పాట లేకపోయినా ఏ బాధా లేదు.

చట్టం గీసిన గీతలు

రాజ్యాంగంలోని 25వ అధికరణ మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ ఇస్తుంది. శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి. ప్రచార హక్కు అంటే ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ అనుభవం మీరు చెప్పుకోవడానికి ఇందులో చోటు పుష్కలంగా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షన్ మత భావాలను దురుద్దేశంతో అవమానించడం గురించి, 196 వర్గాల మధ్య వైరం పెంచడం గురించి చెబుతాయి. రెండింటికీ జైలు శిక్ష ఉంది. ‘మా చర్చికి రండి, ఉద్యోగం వస్తుంది, అప్పు తీరుతుంది’ అన్న ధోరణి అన్నిచోట్లా తప్పే. బలవంతంగా, ఆశ చూపి మతం మార్చడాన్ని నిషేధించే మతస్వేచ్ఛ చట్టం 1967లోనే వచ్చిన ఒడిశాలో, బరంపురం వైపు ఉండే మన తెలుగువారు అలాంటి వాక్యం విషయంలో మరింత జాగ్రత్తపడాలి. తిరుమల కొండ మీదా ఇతర దేవాలయాల ఆవరణలోనూ నిలబడి సాక్ష్యం రికార్డు చేయాలన్న తెలివితక్కువ ఆలోచన ఎవరికైనా వస్తే, అన్యమత ప్రచారంపై అక్కడ నిషేధం ఉందని గుర్తు చేయండి. నిషేధం లేకపోయినా అది మర్యాద కాదు.

కామెంట్లు

‘బియ్యం మూట కోసమే కదా మతం మారింది’ అన్నది తప్పకుండా వస్తుంది. నా పోస్టు కింద మొదటిసారి అది చూసి, “మా ఇంట్లో బియ్యం మా నాన్న లారీ తోలి తెచ్చినవి” అని రాశాను. భలే చెప్పావని మనవాళ్ళు మెచ్చుకున్నారు. రెండు రోజులు దాని కింద కొట్లాట నడిచింది. అమ్మ కీర్తన సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. నిజంగా అడిగినవారికి ఒకసారి, నిదానంగా, మనం ‘గారు’ చేర్చి జవాబు చెప్పాలి. ‘అమ్మ చనిపోయినా ఎందుకు నమ్ముతున్నావు’ అని ఒకాయన అడిగారు. “నాకు పూర్తి జవాబు లేదండీ. ఆరు నెలలు నమ్మలేకపోయాను కూడా. తిరిగి ఎలా మొదలైందో పైన రాశాను” అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. తిట్టేవారికి జవాబు వద్దు. బూతులుంటే తొలగించండి, బెదిరింపు ఉంటే ముందు స్క్రీన్‌షాట్ తీసి ఆ తర్వాత తొలగించండి. మన తరఫున తిట్టే మనవాళ్ళ కామెంట్లనూ తొలగించండి, అది కాస్త కష్టమైన పని. మనలోని నిరీక్షణకు, అంటే ఆశకు, కారణం అడిగినవారికి సాత్వికంతో సమాధానం చెప్పమన్న పేతురు మాట బైబిలులో ఆయన రాసిన మొదటి ఉత్తరం మూడో అధ్యాయంలో ఉంది. రాత్రి పదకొండు తర్వాత ఎవరికీ సాత్వికం మిగలదు. కాబట్టి పొద్దున్నే రాయండి.

విడిగా వచ్చే మెసేజీలు వేరే లోకం. డబ్బు అడిగేవారు, ‘సిస్టర్ మీతో ఫోనులో ప్రార్థన చేయాలి’ అని అర్ధరాత్రి రాసే అపరిచిత పురుషులు ఉంటారు. ఆడవాళ్ళు ఒంటరితనం గురించి సాక్ష్యం పెడితే ఇవి మరీ ఎక్కువ. జవాబు ఇవ్వకుండా బ్లాక్ చేయడం పాపమేమీ కాదు. నిజమైన బాధతో రాసేవారూ ఉంటారు. బతకాలని లేదని ఎవరైనా రాస్తే వాక్యం పంపి ఊరుకోకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళ దగ్గర మనిషి ఎవరున్నారో అడిగి, ఆ మనిషి ఫోను ఎత్తేదాకా మాట్లాడుతూ ఉండండి.

సంవత్సరానికి ఒకసారి మీ పాత సాక్ష్యాలు తెరిచి చదువుకోండి. అప్పటి భర్త ఇప్పుడు విడిపోయి ఉండొచ్చు, తగ్గిందన్న జబ్బు తిరగబెట్టి ఉండొచ్చు. అప్పుడు కింద తేదీ వేసి ఆ మాట చేర్చండి, లేదా మొత్తం తీసేయండి.

మొదట చెప్పిన ఆయన ఇప్పుడు చర్చికి వస్తున్నారు. కిందటేడు తన సాక్ష్యం తానే రికార్డు చేసుకున్నారు, రెండు నిమిషాల పది సెకన్లు. స్టేటస్‌లో పెట్టే ముందు ఫోను నా చేతికిచ్చి, “ఏమైనా తీసేయాలా అమ్మా?” అని అడిగారు. తాకట్టు పెట్టిన సంగతి అంతా చెప్పుకున్నారు, ఒక్క పూస దాచలేదు. తాకట్టు కొట్టు యజమాని పేరు, అతను వేసిన వడ్డీ మాత్రం తీయించాను.